అప్‌డేట్: మిర్చి కోల్డ్ స్టోరేజీ నిర్మాణానికి గడువు, వ్యయం అంచనా

గుంటూరు శివారులో మేము కట్టదలచిన మిర్చి కోల్డ్ స్టోరేజీకి కాంట్రాక్టరు ఒకే గడువు, ఒకే మొత్తం చెబుతున్నారని, వాటిని ఎంతవరకు నమ్మవచ్చునని ఇంతకుముందు అడిగాను. మీలో ఒకరు సూచించినట్లు, 1958 ప్రాంతంలో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి పథకం కోసం రూపొందించిన, పనుల గడువును అంచనా వేసే పెర్ట్ (PERT) అనే పద్ధతిలో ప్రతి పనికీ మూడేసి అంచనాలు తీసుకున్నాము. శ్లాబు పనికి అన్నీ కలిసివస్తే 14 రోజులు, మామూలుగా 20, వానలు పట్టుకుంటే 38 అన్నారు. మధ్య అంకెను నాలుగింతలు చేసి, మిగిలిన రెండూ కలిపి, ఆరుతో భాగిస్తే 22 వచ్చింది. అంతకన్నా విలువైనదిగా నాకు తోచినది 14కూ 38కీ నడుమ ఉన్న అంతరమే, ఎందుకంటే అనిశ్చితి ఎక్కడుందో అది చూపింది. వ్యయంలో అటువంటి అంతరం ఇన్సులేషన్ ప్యానెళ్ల వద్ద, గదులను చల్లబరిచే అమ్మోనియా కంప్రెసర్ల వద్ద కనిపించింది కాబట్టి, ఖర్చు అంచనా దాటితే వాడేందుకు పక్కన పెట్టే అదనపు నిధిని మొత్తం మీద ఒకే శాతంగా కాక ఆ రెండింటికే కేటాయించాము. విద్యుత్ కనెక్షన్ అంచనా ఇంకా రావలసి ఉంది.