అమ్మకి వాల్వ్ ఆపరేషన్, ఇంకా 9 రోజులే. భయం తగ్గేదెలా?

పాలేరు_పక్క
అమ్మకి 52 ఏళ్లు. చిన్నప్పటి రుమాటిక్ జ్వరం వల్ల గుండెలోని మైట్రల్ వాల్వ్ సన్నబడిపోయింది. కాల్షియం బాగా పట్టేసింది కాబట్టి బెలూన్‌తో వెడల్పు చేయడం కుదరదు, ఓపెన్ హార్ట్ చేసి మెటల్ వాల్వ్ వేస్తామన్నారు. ఆరోగ్యశ్రీ అప్రూవల్ వచ్చింది, వచ్చే గురువారం హైదరాబాద్‌లో అడ్మిషన్. మెటోప్రొలాల్ (దడ తగ్గించేది), లాసిక్స్ (ఒంట్లో నీరు తీసేది), ఎసిట్రోమ్ (రక్తం గడ్డకట్టనివ్వనిది) వాడుతోంది. రోజూ రాత్రి రెండింటికి లేచి కూర్చుంటోంది. అడిగేది ఒకటే: "గుండెని ఆపేస్తారటగా, మళ్లీ కొట్టుకోకపోతే?" మేం "ఏం కాదులే అమ్మా" అన్నకొద్దీ ఇంకా ముడుచుకుపోతోంది. దడ, ఆయాసం కూడా పెరిగాయి. ఇది భయమా, జబ్బా? ఈ 9 రోజులు ఏం చేయాలో తెలిసినవాళ్లు చెప్పండి.

ఎకో_రూమ్
ముందు ఆ రాత్రి రెండింటి సంగతి చూడండి. దాన్ని భయం ఖాతాలో వేసేయకండి. సన్నబడిన మైట్రల్ వాల్వ్‌లోంచి రక్తం దిగేది గుండె రెండు దెబ్బల మధ్య విరామంలోనే. భయంతో దడ పెరిగితే ఆ విరామం తగ్గుతుంది, దిగాల్సిన రక్తం వెనక్కి తన్ని ఊపిరితిత్తుల్లో నిలుస్తుంది, ఆయాసం వస్తుంది. ఆయాసం చూసి భయం ఇంకా పెరుగుతుంది. అంటే ఈ జబ్బులో భయమూ ఆయాసమూ ఒకదాన్నొకటి ఎగదోస్తాయి.

తేడా ఇలా పట్టుకోవచ్చు. వెల్లకిలా పడుకుంటే ఆయాసం పెరిగి, లేచి కాళ్లు కిందికి వేలాడేసి కూర్చుంటే కాసేపటికి తగ్గుతోందా? పడుకోగానే దగ్గు వస్తోందా? మొన్నటిదాకా ఒక దిండు చాలేది, ఇప్పుడు రెండు మూడు కావాలా? వీటిలో ఏది ఔనన్నా గురువారం దాకా ఆగకండి, ఇవాళే ఆస్పత్రికి ఫోన్ చేసి ఇదే మాట చెప్పండి. లాసిక్స్ డోసు మార్చాల్సి రావచ్చు. నాడి పావు నిమిషం చూసి నాలుగుతో గుణించకండి, లయ తప్పే నాడికి అది సరిపడదు, నిమిషం పూర్తిగా లెక్కపెట్టండి. ఊరికే కూర్చున్నా 110 దాటినా, ఆగకుండా ఆయాసం వచ్చినా, గులాబీ రంగు నురగ పడినా వెంటనే 108.

ఇవేవీ లేకుండా ఉత్త భయమే అయితే వీపు వెనక దిండ్లు పెట్టుకుని కూర్చుని, ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలాలి. ఐదు నిమిషాలు చాలు. కుంభకం మాత్రం వద్దు, ఊపిరి బిగబట్టడం ఈ వాల్వ్‌కి మంచిది కాదు. ఇంట్లో ఉన్న నిద్రమాత్ర సొంతంగా ఇవ్వకండి, ఉప్పు ఎక్కువుండే ఆవకాయ, అప్పడం ఈ వారం పక్కన పెట్టండి. మెటోప్రొలాల్ ఒక్క పూట కూడా మానకూడదు. ఎసిట్రోమ్ మామూలుగా ఆపరేషన్‌కి రెండు మూడు రోజుల ముందు ఆపి ఐఎన్ఆర్ (రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతోందో చెప్పే పరీక్ష) చూస్తారు, కొందరికి మధ్యలో హెపారిన్ (రక్తం గడ్డకట్టనివ్వని ఇంజెక్షన్) ఇస్తారు. ఆ తేదీ వాళ్లనే అడగండి, మీరు ఆపొద్దు.

పంప్_పక్కన
అమ్మ అడిగిన దానికి సూటి జవాబు ఉంది. "ఏం కాదులే" అనకుండా అదే చెప్పండి.

గుండె ఆగిపోవడం వేరు, ఆపడం వేరు. ఆపడానికి ముందే హెపారిన్ ఇచ్చి, గుండెలోకి వచ్చే చెడు రక్తాన్ని గొట్టాలతో గుండె, ఊపిరితిత్తుల పని చేసే మెషిన్‌లోకి తీసుకుంటారు. అక్కడ ఆక్సిజన్ ఎక్కించి పెద్ద ధమనిలోకి పంపుతారు, మనిషి కొలతను బట్టి నిమిషానికి 4 లీటర్ల దాకా. ఆ ప్రవాహం నిలకడగా ఉందని చూశాకే గుండె దగ్గర ఆ ధమనికి క్లాంప్ (బిగించే పట్టకారు) వేసి, పొటాషియం ఎక్కువున్న చల్లటి ద్రవాన్ని గుండె సొంత రక్తనాళాల్లోకి వదులుతారు. కండరం సడలిపోతుంది. ఆ సమయమంతా మెదడుకీ కిడ్నీలకీ రక్తం మెషిన్ నుంచి వెళుతూనే ఉంటుంది.

వాల్వ్ కుట్టి, లోపలి గాలి తీసేసి క్లాంప్ విప్పగానే వెచ్చటి రక్తం ఆ పొటాషియాన్ని కడిగేస్తుంది. చాలా గుండెలు వాటంతటవే మొదలవుతాయి. కొన్ని కొట్టుకోకుండా వణుకుతాయి, వాటికి గరిటెల్లాంటి చిన్న ప్యాడిల్స్‌తో 10, 20 జౌల్స్ షాక్ సరిపోతుంది. నెమ్మదిగా కొట్టుకుంటే గుండెని సరైన వేగంతో కొట్టించే సన్నటి పేసింగ్ వైర్లు ఉంటాయి. మెషిన్‌ని కూడా టక్కున ఆపరు. కొంచెం కొంచెం తగ్గిస్తారు, గుండె తడబడితే మళ్లీ పెంచి కాసేపు విశ్రాంతి ఇస్తారు.

అయితే ప్రమాదమే లేదని మాత్రం చెప్పకండి. రక్తస్రావం, పక్షవాతం, కిడ్నీలు దెబ్బతినడం, ఇన్ఫెక్షన్ నిజంగా ఉండే ముప్పులే. సర్జన్‌ని "మా అమ్మ విషయంలో వందకి ఎంత?" అని అడగండి. వయసు, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూపే రక్త పరీక్ష), ఊపిరితిత్తుల ప్రెషర్, గుండె పంపింగ్ చూసి అంచనా చెబుతారు. అడ్డూ ఆపూ లేని భయం కంటే ఒక అంకెను మోయడం తేలిక. తేదీ మారొచ్చని కూడా ఇప్పుడే చెప్పి ఉంచండి. జ్వరం, దగ్గు, పంటి చీము, దిగని ఐఎన్ఆర్, ఖాళీ లేని ఐసీయూ బెడ్, దొరకని రక్తం, వీటిలో ఏదైనా వాయిదా వేయిస్తుంది. పళ్ల డాక్టర్ ఇంకా చూడకపోతే రేపే చూపించండి. బ్లడ్ బ్యాంక్‌కి ఎంతమంది దాతలు కావాలో కూడా ఇప్పుడే కనుక్కోండి.

ఐసీయూ_నైట్‌డ్యూటీ
పేషెంట్లు ఎక్కువగా బెదిరేది మెలకువ వచ్చిన మొదటి గంటలో. గొంతులో ట్యూబ్ ఉంటుంది, మాట రాదు, పీకేసుకోకుండా చేతులు మెత్తటి గుడ్డతో కట్టి ఉండొచ్చు. ముందే తెలియకపోతే గొంతు పోయిందనుకుంటారు. ఇంట్లోనే సైగలు అనుకోండి: ఒక వేలు నొప్పి, రెండు వేళ్లు దాహం, పిడికిలి బిగిస్తే ఊపిరి ఆడట్లేదని. ఆ సైగలు కాగితం మీద రాసి సిస్టర్‌కి ఇవ్వండి. అంతా సవ్యంగా ఉంటే ఆ రోజో మర్నాటి పొద్దుటికో ట్యూబ్ తీస్తారు. దాహం భరించలేనంతగా ఉంటుంది, మొదట్లో నీళ్లివ్వరు, తడి గుడ్డతో పెదాలు తడుపుతారు.

మానిటర్ కూత పెడితే ప్రాణం పోతున్నట్టు కాదు, చాలాసార్లు వేలి క్లిప్ జారిందని. కళ్లజోడు ఉంటే సంచిలో పెట్టండి, ట్యూబ్ తీశాక అడిగి ఇప్పించండి. గోడ గడియారం, మనుషుల ముఖాలు సరిగ్గా కనపడకపోతే తికమక ఎక్కువవుతుంది.

నగల సంగతి ఎవరూ ముందు చెప్పరు. పుస్తెలతాడు, మెట్టెలు, ముక్కుపుడక అన్నీ తీయాలి, కరెంటుతో కోసి రక్తం ఆపే కాటరీ వాడతారు కాబట్టి. థియేటర్ గుమ్మం దగ్గర హడావుడిగా తీయిస్తే ఆ క్షణంలోనే ఏడ్చేస్తారు. ముందు రోజే ఇంట్లో నాన్నగారి చేతికిచ్చి, వచ్చాక ఆయనే వేసేలా మాట్లాడుకోండి. ఏళ్ల నాటి మెట్టెలు వాపు కాళ్లకి రావు, ముక్కుపుడక మర బిగుసుకుంటుంది. ఈ వారమే కంసాలి దగ్గరికి వెళ్లండి.

మూడు బంతుల స్పైరోమీటర్ (ఊపిరితిత్తుల వ్యాయామానికి వాడే పరికరం) ఇవాళే కొనండి. ఊదేది కాదు, పీల్చేది. పది మందిలో తొమ్మిది మంది ముందు ఊదుతారు. మెలకువగా ఉన్నప్పుడు గంటకి పది సార్లు, మధ్యలో ఆగుతూ. తల తిరిగితే ఆపేయాలి.

పాలేరు_పక్క
ఆస్పత్రికి ఫోన్ చేశాం. పడుకుంటే దగ్గు ఉందని చెప్పగానే రమ్మన్నారు, లాసిక్స్ డోసు మార్చి పంపారు, నిన్న రెండు దిండ్లతో నాలుగింటి దాకా పడుకుంది. మెషిన్ సంగతి చెబితే రెండుసార్లు చెప్పించుకుంది. స్పైరోమీటర్‌లో రెండు బంతులు లేస్తున్నాయి, మూడోది కదలట్లేదు. దానికి కొత్తగా దిగులు పడుతోంది.

ఐసీయూ_నైట్‌డ్యూటీ
మూడోది లేవాలని గబుక్కున లాగితే గాలి ఊపిరితిత్తుల అడుగుకి చేరదు. రెండు బంతులు పైనే మూడు సెకన్లు నిలబెట్టమనండి. ఆయాసం వస్తే ఒక్క బంతి చాలు. సర్జరీ అయ్యాక మొదటి రోజు ఆ ఒక్కటీ సగమే లేస్తుంది, ఆ మాట కూడా ఇప్పుడే చెప్పి ఉంచండి.