హాలోవీన్‌లో ‘వీన్’ ఎక్కడిది?

నిన్న మన నిఘంటువు బృందంలో ఒక సోదరి రెండు ప్రశ్నలు అడిగారు. పాశ్చాత్య దేశాలలో అక్టోబరు 31న జరుపుకునే ‘హాలోవీన్’ పండుగ పేరులో ‘వీన్’ అంటే ఏమిటి? ఆ పండుగను తెలుగులో ‘దయ్యాల పండుగ’ అని రాయవచ్చునా? మొదటి ప్రశ్న తేలితే రెండవది చాలావరకు తేలిపోతుంది కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఇక్కడ ‘వీన్’ అనే విడి మాట లేదు. మనం పదాన్ని తప్పుచోట విరుస్తున్నాము. పాత ఇంగ్లీషులో ‘హాల్గా’ అంటే పునీతుడు, క్రైస్తవులు ‘సెయింట్’ అని గౌరవించే వ్యక్తి. అదే తరువాత ‘హాలో’ అయింది. పవిత్రమనే అర్థంలో వాడే ‘హోలీ’ దీనికి తోబుట్టువు. సాయంకాలాన్ని చెప్పే ‘ఈవెన్’ స్కాట్లండు వాడుకలో నడిమి వకారాన్ని పోగొట్టుకుని ‘ఈన్’గా మిగిలింది. ఈ రెండూ కలిసి హాలోవీన్ అయ్యాయి. అంటే మనకు వినిపించే వకారం ‘ఈవెన్’లోనిది కాదు, ‘హాలో’ చివర ఇంగ్లీషువారు రాసే ‘డబ్ల్యూ’ది. మాటకు మాటగా అర్థం చెబితే ‘పునీతుల పండుగ ముందటి సాయంత్రం’. పేరులో ఎక్కడా దయ్యం లేదు.

ఆ పునీతుల పండుగ నవంబరు 1న వస్తుంది. ఎనిమిదవ శతాబ్దంలో మూడవ గ్రెగరీ పోపు రోములోని సెయింట్ పీటర్ ఆలయంలో సకల పునీతుల పేర ఒక ప్రార్థనామందిరాన్ని అంకితం చేశారు. 835లో నాలుగవ గ్రెగరీ ప్రోద్బలంతో ఫ్రాంకుల చక్రవర్తి లూయీ తన రాజ్యమంతటా నవంబరు 1న ఆ పండుగ జరపాలని శాసించాడు. మరునాడు, అంటే నవంబరు 2న, చనిపోయినవారందరి కోసం ప్రార్థించే ఆచారం ఫ్రాన్సులోని క్లూనీ మఠాధిపతి ఓడిలో కాలంలో, సుమారు 1000వ సంవత్సరం ప్రాంతంలో మొదలై వ్యాపించింది.

మరి భయం ఎక్కడినుంచి వచ్చింది? ఐర్లండులో అదే సమయంలో ‘సావిన్’ అనే పండుగ ఉండేది. ఐరిష్ భాషలో నవంబరు నెల పేరు నేటికీ అదే. వేసవి పచ్చికబయళ్ళనుంచి పశువులను దించి, కోతలు ముగించుకుని, చలికాలంలోకి అడుగుపెట్టే సంధి అది. ఆ రాత్రి అదృశ్యలోకపు తలుపులు తెరుచుకుంటాయని ఐర్లండు పాతకథలు చెబుతాయి. అయితే సావిన్‌ను తుడిచిపెట్టడానికే చర్చి నవంబరు 1ని ఎంచుకుందని చాలామంది ధీమాగా రాసేమాట దగ్గర మనం ఆగాలి. ఐర్లండు క్రైస్తవులే తొలినాళ్ళలో సకల పునీతుల పండుగను ఏప్రిల్ 20న జరుపుకునేవారు. నవంబరు తేదీ ఇంగ్లండు, జర్మనీ ప్రాంతాలలో ముందు స్థిరపడింది. రెండు పండుగలు ఒకే తేదీ దగ్గర కలిసి, ఒకదాని ఆచారాలు మరొకదానిలోకి ప్రవహించాయనడం సమంజసమని నా అభిప్రాయం.

ఆ ఆచారాలు మనం టీవీలో చూసే రక్తపు మరకల కంటే ఎంతో ముద్దుగా ఉంటాయి. స్కాట్లండు కవి రాబర్ట్ బర్న్స్ 1785లో ఇదే పేరుతో రాసిన దీర్ఘకవితలో పెళ్ళికాని యువతీయువకులు కళ్ళు మూసుకుని పెరట్లోకి వెళ్ళి, చేతికందిన కేల్ (క్యాబేజీ జాతి ఆకుకూర) కాడను పీకుతారు. అది నిటారుగా ఉందా, వంకరగా ఉందా అన్నదాన్నిబట్టి రాబోయే భర్త లేదా భార్య ఆకారం తెలుస్తుంది. వేరుకు అంటిన మట్టి కట్నం. కాడ లోపలి గుజ్జు రుచి వారి స్వభావం. పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ వెళ్ళి పాటో పద్యమో వినిపించి, ఆపిల్ పండ్లు, గింజలు తీసుకునేవారు. దసరా పద్యాలు చెప్పి పప్పుబెల్లాలు పుచ్చుకున్న మన పెద్దలకు ఇది వెంటనే అర్థమవుతుంది, ఒకదానినుంచి మరొకటి పుట్టకపోయినా. పద్యం పోయి, బెదిరింపు మాత్రం మిగిలిన ‘ట్రిక్ ఆర్ ట్రీట్’ ఉత్తర అమెరికాలో ఇరవయ్యవ శతాబ్దంలో స్థిరపడిన మాట. దానిని ‘పెడతారా, అల్లరి చేయమంటారా?’ అని తెలుగు చేయవచ్చు. గుమ్మడికాయ దీపం కూడా అమెరికా మార్పే. ఐర్లండులో తొలిచింది టర్నిప్ దుంపను. డోనెగాల్ ప్రాంతపు పాత టర్నిప్ దీపానికి తీసిన అచ్చు ఆ దేశపు జాతీయ మ్యూజియంలో ఉంది: ముడుచుకుపోయిన ముఖం, లోతైన కళ్ళు, పళ్ళు. నవ్వే గుమ్మడికాయ కంటే అదే నిజంగా భయపెడుతుంది.

ఇక రెండవ ప్రశ్న. ‘దయ్యాల పండుగ’ అన్నది అర్థం కాదు, పైకి కనబడే వేషానికి పెట్టిన పేరు. వార్తా శీర్షికకు సరిపోవచ్చునేమో కాని నిఘంటువుకు సరిపోదు. నేనైతే ‘హాలోవీన్’ను అలాగే ఉంచి, ‘సకల పునీతుల పండుగ ముందటి సాయంత్రం’ అని వివరణ ఇస్తాను. ‘సకల పునీతులు’ నేను కల్పించిన మాట కాదు, తెలుగు కతోలికుల వాడుకలో ఉన్నదే. నవంబరు 2కి మనకు ఇంకా చక్కని పేరు ఉంది: ‘సమాధుల పండుగ’. తెలుగునాట ఆ రోజుకు సమాధులకు సున్నం వేసి, బంతిపూలు పరిచి, చీకటి పడుతుండగా కొవ్వొత్తులు వెలిగించి, తమవారి పక్కన కూర్చుని ప్రార్థిస్తారు. హాలోవీన్‌తో మొదలయ్యే మూడు రోజుల వరుసలో చివరిరోజు అదే. ఆ రోజును మీ ఊళ్ళో మరొక పేరుతో పిలుస్తారా? తెలిసినవారు ఊరిపేరుతో సహా రాస్తే నిఘంటువులో చేర్చుకోవచ్చు.