2008 వైజడ్125 బండి: పెట్రోలులో ఏ ఆయిలు కలపాలి, గేర్‌బాక్స్‌లో ఏది పోయాలి?

ప్రశ్న (ట్రేసీ, కాలిఫోర్నియా)

అందరికీ నమస్కారం. నెల రోజుల క్రితం 2008 నాటి యమహా వైజడ్125 ఒకటి (మట్టి దారుల్లో నడిపే టూ స్ట్రోక్ మోటోక్రాస్ బండి) సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఊళ్లో ఉన్న రోజుల్లో మా నాన్నగారి ఆర్‌ఎక్స్100 నడిపిన అనుభవం తప్ప టూ స్ట్రోక్ బండ్ల సంగతి నాకు పెద్దగా తెలియదు. ఆ బండికి ఆయిలు ట్యాంకు వేరుగా ఉండేది. అందులో 2టీ ఆయిలు నింపి ఊరుకుంటే మిగతా పని పంపే చూసుకునేది. ఈ బండికి పంపు లేదు కాబట్టి పెట్రోలులోనే కొలిచి కలుపుకోవాలి.

అమ్మినాయన 40 పాళ్ల పెట్రోలుకు 1 పాలు ఆయిలు చొప్పున (40కి 1) కలిపేవాడట. మాన్యువల్ 30కి 1 అంటోంది. ఎక్కువ కలిపితే ప్లగ్గు తడిసిపోతుందని ఒకరు, తక్కువైతే పిస్టన్ పట్టేస్తుందని (సిలిండర్‌లో బిగుసుకుపోతుందని) ఇంకొకరు భయపెడుతున్నారు. ఇప్పటికే సైలెన్సర్ కొసన నల్లటి జిగురు చుక్కలు కారి వెనక మడ్‌గార్డు మీద పడుతున్నాయి. నేను వారాంతాల్లో మా ఇంటికి దగ్గరలోని కార్నెగీ గుట్టల్లో, ఎక్కువగా రెండు మూడు గేర్లలో నడుపుతాను.

గేర్‌బాక్స్ విషయం కూడా అడగాలి. గరాజ్‌లో కారు కోసం కొన్న 5డబ్ల్యూ-30 సింథటిక్ ఆయిలు మిగిలి ఉంది, అది పోయవచ్చా? లేక పేరులోనే ‘గేర్ ఆయిలు’ అని ఉన్న 75డబ్ల్యూ-90 కొనాలా?

సమాధానం 1 (ఆస్టిన్, టెక్సస్)

పదేళ్లుగా ఈ రకం బండ్లు నడుపుతున్నాను కాబట్టి ముందుగా పెట్రోలులో కలిపే ఆయిలు గురించి చెబుతాను. టూ స్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంక్‌కేసు అడుగున ఆయిలు నిల్వ ఉండదు. పెట్రోలుతో కలిసి లోపలికి వచ్చే ఆయిలే క్రాంకు బేరింగులను, కనెక్టింగ్ రాడ్ రెండు కొసల్లోని బేరింగులను, పిస్టన్‌ను తడిపి, ఆ తర్వాత కాలి బయటికి పోతుంది. అందువల్ల ఆ ఆయిలు బాగా కందెన పట్టాలి, మసి మిగల్చకుండా కాలాలి కూడా.

డబ్బా మీద జాసో ఎఫ్‌డీ అన్న గుర్తు ఉన్నదేదైనా మీ నడకకు సరిపోతుంది. జపాన్ వారి ఈ ప్రమాణంలో ఎఫ్‌బీ కంటే ఎఫ్‌సీ తక్కువ పొగ ఇస్తుంది. ఎఫ్‌డీ అందుకు తోడు పిస్టన్ రింగుల గాడుల్ని మరింత శుభ్రంగా ఉంచుతుంది. టీసీ-డబ్ల్యూ3 అని రాసి ఉన్న చవక డబ్బాలు సూపర్ మార్కెట్లలో కనిపిస్తాయి, వాటి జోలికి వెళ్లకండి. అవి చల్లటి నీటిని లాక్కుంటూ చల్లగా నడిచే పడవ ఇంజిన్ల కోసం తయారైనవి. ఎప్పుడూ పూర్తి థ్రాటిల్ మీద పరుగెత్తే మోటోక్రాస్ పందెగాళ్ల కోసం చేసిన ఖరీదైన ఎస్టర్ ఆయిళ్లు కూడా మీకు అనవసరం. గుట్టల్లో నిదానంగా నడిపే బండిలో అవి పూర్తిగా కాలక, మీరు చెప్పిన నల్లటి చుక్కలను ఇంకా పెంచుతాయి.

పాళ్ల విషయంలో మాన్యువల్ మాటే వినండి. ఇక్కడ చాలామంది 32కి 1 వాడటానికి కారణం లెక్క సులువు కావడమే: ఒక గ్యాలన్‌లో 128 ఔన్సులు ఉంటాయి కాబట్టి సరిగ్గా 4 ఔన్సుల ఆయిలు పోస్తే సరిపోతుంది. 30కి, 32కి తేడాను మీ ఇంజిన్ గుర్తుపట్టదు. ఆయిలు పెంచితే ఆ మేరకు పెట్రోలు తగ్గి, ఇంజిన్‌లోకి వెళ్లే గాలి-పెట్రోలు మిశ్రమం పలచబడుతుందన్న మాట నిజమే, చాలామంది దీన్ని తిరగేసి అర్థం చేసుకుంటారు. అయితే 40 నుంచి 30కి మారినా పెట్రోలు తగ్గేది నూటికి ఒక పాలు కూడా కాదు. నల్లటి చుక్కలకు కారణం ఆయిలు ఎక్కువ కావడమని అనుకుని దాన్ని తగ్గించడం ఈ బండ్ల విషయంలో అందరూ చేసే పొరపాటు. సాధారణంగా ఆ చుక్కలు కార్బరేటర్ జెట్లు పెద్దవి కావడం వల్లో, ఇంజిన్ తగినంత వేడెక్కకపోవడం వల్లో వస్తాయి. అందుకని ముందు ఎయిర్ ఫిల్టర్ కడిగి, ఆ తర్వాత కార్బరేటర్‌లో పైలట్ జెట్టు (తక్కువ థ్రాటిల్‌లో పెట్రోలు వదిలే చిన్న రంధ్రం), సూది స్థానం చూడండి. కలిపిన పెట్రోలును నెలల తరబడి డబ్బాలో ఉంచవద్దు; ఇక్కడి పెట్రోలులో ఇథనాల్ ఉంటుంది, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది.

సమాధానం 2 (విజయవాడ)

పై వారు చెప్పినదానితో నాకు పేచీ లేదు. ఆర్‌ఎక్స్100, ఆర్‌ఎక్స్135 బండ్లు విప్పి బిగించడం నా రోజువారీ పని కాబట్టి గేర్‌బాక్స్ గురించి నేను చెబుతాను.

మీ బండిలో గేర్లు, క్లచ్ ప్లేట్లు ఒకే ఆయిలులో మునిగి ఉంటాయి. కారు క్లచ్ పొడిగా ఉంటుంది గనుక కారు ఆయిలు తయారుచేసేవారికి దాని బాధ లేదు. మీ 5డబ్ల్యూ-30 డబ్బా వెనక గుండ్రటి ముద్రలో ‘రిసోర్స్ కన్సర్వింగ్’ అని రాసి ఉండవచ్చు. ఇంధనం ఆదా చేయడానికి అందులో రాపిడిని తగ్గించే మందులు కలుపుతారు. క్లచ్ ప్లేట్లు పట్టుకోవాలంటే రాపిడే కావాలి కాబట్టి ఆ ఆయిలు పోసిన బండి ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ అరుస్తుందే తప్ప చక్రం తిరగదు. తడి క్లచ్ బండ్లకు ఇచ్చే జాసో ఎంఏ గానీ ఎంఏ2 గానీ అన్న గుర్తు ఉన్న 10డబ్ల్యూ-40 మోటార్ సైకిల్ ఆయిలు కొనండి. ఎంబీ అన్నది స్కూటర్ల కోసం, అది వద్దు.

75డబ్ల్యూ-90 అన్న అంకె చూసి అది ఎంతో చిక్కనిదని అనుకోవద్దు. గేర్ ఆయిళ్లకు, ఇంజిన్ ఆయిళ్లకు కొలబద్దలు వేరు. గేర్ ఆయిళ్ల లెక్కలో 90 అన్నది వేడి మీద ఇంజిన్ ఆయిళ్ల లెక్కలోని 10డబ్ల్యూ-40కి దగ్గరగానే ఉంటుంది. అసలు ఇబ్బంది చిక్కదనంతో కాదు. మీరు చెప్పిన డబ్బా మీద జీఎల్-5 అని ఉంటే అది కారు, లారీల వెనక ఇరుసు గేర్ల కోసం చేసినది. అందులోని గంధకపు మందులు తడి క్లచ్‌ను దృష్టిలో పెట్టుకుని కలిపినవి కావు.

ఈ గేర్‌బాక్స్‌లో పట్టేది ముప్పావు లీటరు లోపే. అంత కొద్ది ఆయిలును గేర్ల పళ్లు నలిపేస్తాయి, క్లచ్ పొడి నల్లబరుస్తుంది. ఐదారు రైడ్లకు ఒకసారి మార్చితే ఖర్చు పెద్దగా కాదు. మార్చిన ప్రతిసారీ పోసినదీ కొలవండి, తీసినదీ కొలవండి. ఎందుకో ఇప్పుడు చెప్పను, కొలిచాక చెబుతాను.

సమాధానం 3 (నల్గొండ)

మా జిల్లాలో పండే ఆముదం గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. పందెం బండ్లలో ఆముదపు నూనె వాడిన రోజులు ఉన్నాయి, క్యాస్ట్రాల్ అన్న పేరే ఆముదానికి ఆంగ్లంలో ఉన్న పేరు నుంచి పుట్టింది. మండే వేడిలో కూడా లోహాన్ని వదలని గుణం దానిది. అయితే చల్లటి వాతావరణంలో పెట్రోలు నుంచి విడిపోతుంది, రింగుల గాడుల్లో బంకలా గట్టిపడుతుంది, కాబట్టి ప్రతి పందేనికీ ఇంజిన్ విప్పే ఓపిక ఉన్నవారికే అది పనికి వస్తుంది. వాసన మాత్రం మరే ఆయిలుకూ రాదు. మీకు సిఫారసు చేయడం లేదు, ఊరి అభిమానం కొద్దీ రాశాను.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. 32కి 1 చొప్పున ఎఫ్‌డీ ఆయిలు కలుపుతున్నాను. పైలట్ జెట్టు ఒక సైజు తగ్గించాక నల్లటి చుక్కలు చాలావరకు ఆగాయి. విజయవాడ వారి మాట ప్రకారం పాత గేర్ ఆయిలు తీసేసి, ఎంఏ2 గుర్తు ఉన్న 10డబ్ల్యూ-40 పోశాను. వంటింటి కొలత జాడీ తెచ్చినందుకు ఇంట్లో మాట పడ్డాను. 650 మిల్లీలీటర్లు పోసి, మూడు రైడ్ల తర్వాత తీస్తే 540 మాత్రమే వచ్చింది. కింద ఎక్కడా చుక్క కారలేదు. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లటి పొగ తగ్గడం లేదు. ఇది ఆయిలు రకం మార్చినందువల్లనా?

సమాధానం 2 (విజయవాడ)

కొలవమన్నది ఇందుకే. కాస్త ఆయిలు లోపల అంటుకుని ఉండిపోవడం మామూలే గానీ, 110 మిల్లీలీటర్లు అంటుకుని ఉండవు. కింద కారని ఆయిలు పోవడానికి మిగిలిన దారి ఇంజిన్ లోపలికే. క్రాంకుకు కుడివైపున, క్లచ్ పక్కన ఉండే ఆయిల్ సీలు (ఆయిలును అడ్డుకునే రబ్బరు రింగు) అరిగితే, పిస్టన్ పైకి లేచిన ప్రతిసారీ క్రాంక్‌కేసులో పుట్టే లాగుడు గేర్‌బాక్స్ ఆయిలును అటు పీల్చుకుంటుంది, అది పెట్రోలుతో పాటు కాలిపోతుంది. మీకు వస్తున్న తెల్లటి పొగ అదే అయి ఉండాలి. తీసిన ఆయిలు పాల రంగులో ఉండి ఉంటే అది నీటి పంపు సీలు జబ్బు అనుకునేవాణ్ణి, మీరు ఆ మాట రాయలేదు గనుక దాన్ని పక్కన పెడుతున్నాను.

ఇంజిన్ విప్పకముందే తేల్చుకోవచ్చు. పొగ గొట్టం దారిని, కార్బరేటర్ దారిని రబ్బరు బిరడాలతో మూసి, చేతి పంపుతో 6 పీఎస్‌ఐ ఒత్తిడి వరకు గాలి ఎక్కించి, మీటరు ముల్లు నిలుస్తుందో లేదో ఐదారు నిమిషాలు చూడండి. అంతకు మించి ఎక్కించవద్దు, బాగున్న సీలు కూడా ఊడి వస్తుంది. ఎడమవైపు సీలును కూడా సబ్బు నీటితో పరీక్షించండి. కుడి సీలు పోతే పొగ వచ్చి చెబుతుంది. ఎడమది పోతే బయటి గాలి దూరి మిశ్రమం పలచబడి, చెప్పాపెట్టకుండా పిస్టన్ పట్టేస్తుంది.

ప్రశ్న అడిగినవారు

మీరు చెప్పినట్టే చేశాను. 6 దగ్గర ఉన్న ముల్లు ఒక్క నిమిషంలో 2కు పడిపోయింది. గేర్‌బాక్స్ ఆయిలు పోసే మూత తీసి చెవి పెడితే లోపల సన్నగా బుస్సుమని వినిపించింది. ఎడమవైపు సబ్బు నీటిలో బుడగ లేకపోయినా, ఒకే వయసువి కదా అని రెండు సీళ్లూ మార్పించాను. ఆ తర్వాత మూడు రైడ్లు తిరిగి, నిన్న మళ్లీ కొలిచాను. 650 పోస్తే 640 వచ్చింది.