ఇంటికీ కాలేజీకీ ఒకే చిన్న ల్యాప్‌టాప్ సరిపోతుందా?

టెక్కలి అధ్యాపకురాలు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళంలో ఉంటూ రోజూ ఆర్టీసీ బస్సులో టెక్కలి వెళ్లి, ఒక డిగ్రీ కళాశాలలో చరిత్ర బోధిస్తున్నాను. ఇప్పుడు నా దగ్గరున్న ల్యాప్‌టాప్ 15.6 అంగుళాలది. ఛార్జరుతో కలిపితే రెండున్నర కిలోలు దాటుతుంది. బస్సులో చోటు దొరకని రోజుల్లో నరసన్నపేట దాకా ఆ బరువు భుజాన మోస్తూ నిలబడవలసి వస్తోంది. దాన్ని మా అబ్బాయి చదువుకు ఇచ్చేసి, నేనొక చిన్నది కొనుక్కోవాలనుకుంటున్నాను. పెద్దదానికి తోడుగా ఇంకొకటి అన్నట్టు కాదు, ఇంట్లోనూ బయటా నా పనులన్నీ ఇక దాని మీదే జరగాలి.

తెలుగులో పాఠాల నోట్సు, ప్రశ్నపత్రాలు తయారు చేస్తాను. స్కాన్ చేసిన పాత పుస్తకాల పీడీఎఫ్‌లు సాయంత్రాలు గంటల తరబడి చదువుతాను. ఎక్సెల్‌లో మార్కులు వేయడం, తరగతిలో ప్రొజెక్టరుకు కలిపి చిత్రపటాలు చూపించడం కూడా ఉంటాయి. ఆటలు, వీడియో ఎడిటింగ్ వంటివి లేవు. నలభై వేలకు మించి పెట్టలేను. దుకాణంలో 11.6 అంగుళాలది ఒకటి చూపించారు. బరువు కిలో కన్నా కాస్త ఎక్కువ, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ. చేతిలోకి తీసుకోగానే నచ్చింది, ధర కూడా నా లెక్కకు లోబడే ఉంది. అయితే నలభై అయిదేళ్లు దాటిన కళ్లతో అంత చిన్న తెర మీద రోజంతా పని చేయగలనా, కరెంటు పోతే ఎంతసేపు నిలుస్తుంది, వాడినవి కొంటే మేలా అన్న సందేహాలున్నాయి. ఇటువంటి వాటితోనే రోజులు గడుపుతున్నవారు అనుభవం చెబితే కృతజ్ఞురాలిని.

బొబ్బిలి అనువాదకురాలు

మేడమ్ గారూ, నేను అనువాదాలు చేస్తాను కనుక పొద్దస్తమానం తెలుగు చదవడం, తెలుగు టైపు చేయడమే నా పని. ఎన్నో ఏళ్లుగా 13.3 అంగుళాల ల్యాప్‌టాప్ ఒక్కటే వాడుతున్నాను. మీరు చెప్పిన పనులకు చిన్నది నిశ్చయంగా సరిపోతుంది. కాని దుకాణంలో మీకు చూపించినదాన్ని మాత్రం తీసుకోవద్దని గట్టిగా కోరుతున్నాను. లోపలి భాగాల సంగతి తెలిసినవారు చెబుతారు, నేను తెర గురించి, కీబోర్డు గురించి చెబుతాను.

తెరను మూల నుంచి మూలకు కొలిచి అంగుళాలు చెబుతారు గాని, చదివేవారికి, రాసేవారికి కావలసింది దాని ఎత్తు. మీ 15.6 అంగుళాల తెర 16:9 నిష్పత్తిలో ఉండే మామూలు రకమైతే దాని ఎత్తు సుమారు 19.4 సెంటీమీటర్లు. అదే నిష్పత్తిలోని 11.6 అంగుళాల తెర ఎత్తు 14.4 సెంటీమీటర్లే. అందులో పైన వర్డ్ పట్టీలు, అడుగున టాస్క్‌బార్ పోగా మీ ప్రశ్నపత్రానికి మిగిలేది నాలుగైదు ప్రశ్నలు పట్టేంత జాగా. ఈ మధ్య 16:10 నిష్పత్తి తెరలు ఎక్కువగా వస్తున్నాయి. ఆ రకంలో 14 అంగుళాల తెర ఎత్తు 18.8 సెంటీమీటర్లు ఉంటుంది, అంటే మీ పెద్ద ల్యాప్‌టాప్ కన్నా అర సెంటీమీటరు పైచిలుకు మాత్రమే తక్కువ. పెట్టె మీద 1920×1200 అని ఉంటే అది 16:10 అనీ, 1920×1080 అని ఉంటే 16:9 అనీ గుర్తు పెట్టుకోండి.

చిన్న చవక ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో 1366×768 చుక్కల తెర ఉంటుంది. ఇంగ్లీషు చదివేవారు దానితో సర్దుకుపోగలరేమో గాని మన లిపికి అది చాలదు. మనకు అక్షరం పైన గుడులు, ఏత్వాలు, అడుగున వత్తులు ఉంటాయి. అక్షరాలను కాస్త చిన్నవి చేస్తే చాలు, థ కడుపులోని చుక్క మాయమై అది ధ అయిపోతుంది, సంయుక్తాక్షరాల్లో వత్తులు అలుక్కుపోతాయి. ప్రశ్నపత్రం దిద్దేటప్పుడు ఈ తేడాలు కంటికి ఆనకపోతే తప్పులు అచ్చులోకి వెళ్లిపోతాయి. అందుచేత 13.3 అంగుళాలైనా, 14 అయినా అడ్డంగా 1920 చుక్కలకు తగ్గని తెర తీసుకుని, విండోస్ సెట్టింగ్‌లలో ప్రదర్శన పరిమాణాన్ని (డిస్‌ప్లే స్కేల్) 125 శాతానికి పెంచుకోండి. పాఠానికి మండలి వంటి ఫాంటును 14 పాయింట్లలో, వరుసల మధ్య కాస్త ఎడం ఇచ్చి వాడితే గంటల తరబడి చదివినా కళ్లు అలసిపోవు. గౌతమి ఫాంటు అదే పాయింట్ల ఇంగ్లీషు పక్కన మరీ చిన్నదిగా కనిపిస్తుంది కాబట్టి నేను దాన్ని మానేశాను.

మీరు ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ లిపులకు ప్రామాణికమైన కీబోర్డు అమరిక) పద్ధతిలో టైపు చేస్తారా? చేసేటట్లయితే కీబోర్డును దుకాణంలోనే వేళ్లతో పరీక్షించండి. ఇన్‌స్క్రిప్ట్‌లో చ, ట, డ అక్షరాలు కుడి అంచున సెమీకోలన్, అపాస్ట్రఫీ, చదరపు బ్రాకెట్ మీటల మీద ఉంటాయి. ఇంగ్లీషులో వాటి అవసరం తక్కువని తయారీదారులు చిన్న ల్యాప్‌టాప్‌లలో సరిగ్గా ఆ మీటలనే ఇరుకు చేస్తారు. 13 అంగుళాల నుంచి పైన ఈ ఇబ్బంది దాదాపు ఉండదు.

ఇంకొక మాట. చిన్న ల్యాప్‌టాప్ తెర బల్ల మీద బాగా కిందికి ఉంటుంది కనుక చదివేకొద్దీ మెడ వంగిపోతుంది. ఇంట్లో దాన్ని నాలుగు లావుపాటి పుస్తకాల మీద ఎత్తుగా పెట్టి, విడిగా ఒక మామూలు కీబోర్డు తగిలించుకోండి. వీలైనప్పుడు 22 అంగుళాల మానిటర్ ఒకటి కొనుక్కుంటే బయటికి వెళ్లేటప్పుడు తేలిక, ఇంటికి రాగానే విశాలం.

గంటస్తంభం మరమ్మతులు, విజయనగరం

అమ్మా, ల్యాప్‌టాప్‌లు బాగుచేయడం నా వృత్తి. మీరు చూసినటువంటివి నా బల్ల మీదకు తరచుగా వస్తాయి. వాటిలోని 64 జీబీ స్టోరేజీ సాధారణంగా ఈఎంఎంసీ రకం. అది మదర్‌బోర్డుకే అతికించి ఉంటుంది కాబట్టి పెంచడానికి గాని, పాడైతే మార్చడానికి గాని వీలుండదు. విండోస్ 11 దానికదే అందులో పెద్ద భాగం ఆక్రమిస్తుంది. తర్వాత వచ్చే పెద్ద అప్‌డేట్లకు చోటు చాలక అవి మధ్యలో ఆగిపోతాయి, యంత్రం నత్తనడక నడుస్తుంది. 4 జీబీ ర్యామ్ అన్నది విండోస్ 11 ఇన్‌స్టాల్ కావడానికి మైక్రోసాఫ్ట్ పెట్టిన కనీస హద్దు. బ్రౌజర్, వర్డ్, పెద్ద పీడీఎఫ్ మూడూ ఒకేసారి తెరిస్తే అది ఉక్కిరిబిక్కిరవుతుంది. మీకు 8 జీబీ తప్పనిసరి, 16 అయితే ఏళ్ల తరబడి చింత లేదు. తేలికపాటి వాటిలో ర్యామ్ కూడా బోర్డుకే అతికించి వస్తుంది కనుక కొనేనాడే ఆలోచించుకోవాలి. స్టోరేజీ మాత్రం ఎస్‌ఎస్‌డీ (ఈఎంఎంసీ కన్నా వేగమైన రకం) అయి ఉండాలి, 256 జీబీకి తగ్గకూడదు.

కొత్త వాటిలో ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ ఉన్నవి మీ పనికి పరవాలేదు. 2023లో వచ్చిన ఈ ప్రాసెసర్‌కు నాలుగు కోర్లున్నాయి, విద్యుత్తు చాలా తక్కువ తీసుకుంటుంది. రెండే కోర్లున్న పాత సెలెరాన్ ఎన్4020 వంటివి ఇప్పుడు వద్దు.

నన్నడిగితే మీ డబ్బుకు ఎక్కువ విలువ వాడిన వ్యాపార తరగతి (కంపెనీల వాడకానికి చేసిన) యంత్రాలలో ఉంది. 2018 నాటి లెనోవో థింక్‌ప్యాడ్ ఎక్స్280, డెల్ లాటిట్యూడ్ 7390, హెచ్‌పీ ఎలైట్‌బుక్ 830 జీ5 వంటివి కిలోంబావుకు అటూఇటుగా తూగుతాయి. వాటి కీబోర్డులు ఇప్పటి చవక వాటికన్నా ఎంతో మెరుగు. ఎక్స్280లో ర్యామ్ మార్చలేము, 830 జీ5లో రెండు స్లాట్లున్నాయి కాబట్టి తర్వాత పెంచుకోవచ్చు. 2018 కన్నా పాతవి మాత్రం ఎంత చవకగా వచ్చినా తీసుకోవద్దు. ఇంటెల్‌లో 8వ తరానికి ముందున్న ప్రాసెసర్లలో దాదాపు వేటికీ విండోస్ 11 మద్దతు లేదు, విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది.

వాడినది కొనేటప్పుడు అమ్మేవారి ఎదుటే కొన్ని చూడండి. బయోస్‌కు (విండోస్ కన్నా ముందు యంత్రాన్ని మేల్కొలిపే ప్రోగ్రామ్) పాస్‌వర్డ్ పెట్టి ఉంటే దాన్ని వదిలేయండి, కంపెనీల నుంచి వచ్చిన వాటిలో ఈ చిక్కు ఎక్కువ. విండోస్ కమాండ్ పెట్టెలో పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ బ్యాటరీరిపోర్ట్ (powercfg /batteryreport) అనే ఆదేశం ఇస్తే బ్యాటరీ తయారైనప్పుడు ఎంత పట్టేదో, ఇప్పుడు ఎంత పడుతోందో రెండు అంకెలూ వస్తాయి. రెండోది మొదటిదానిలో సగానికి పడిపోయి ఉంటే కొత్త బ్యాటరీ ఖర్చును ధరలో తగ్గించమనండి. ఆ మోడళ్లలో కొన్ని 1366×768 తెరతోనూ వచ్చాయి, పైన అనువాదకురాలు గారు చెప్పినది అక్కడ గుర్తుంచుకోండి. ఎక్స్280లో ఉండే 12.5 అంగుళాల తెరలు పగిలితే ఇక్కడ వెంటనే దొరకవు, తెప్పించాలి. ఆ కారణానికి కూడా నేను 13.3 వైపే మొగ్గుతాను.

ఉద్దానం రైతుబిడ్డ

కరెంటు గురించి అడిగారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా ఉద్దానంలో చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు రాలేదు. అప్పటినుంచి నేను ఏది కొన్నా బ్యాటరీనే ముందు చూస్తాను. ల్యాప్‌టాప్‌కు 'పది గంటలు' అని రాసిన మాటను పక్కనబెట్టి, వాట్-అవర్లు (బ్యాటరీలో పట్టే విద్యుత్తు కొలత) ఎన్నో చూడండి. రాసుకోవడం, చదువుకోవడం వంటి పనులకు చిన్న యంత్రాలు సుమారు 6 నుంచి 8 వాట్లు తీసుకుంటాయి. 50 వాట్-అవర్ల బ్యాటరీ ఆ లెక్కన ఆరు నుంచి ఎనిమిది గంటలు వస్తుంది. తెర వెలుతురు పూర్తిగా పెంచితే తగ్గుతుంది.

యూఎస్‌బీ-సీ ద్వారా ఛార్జి అయ్యేదే తీసుకోండి. అప్పుడు పాత ఇటుకలాంటి ఛార్జరు మోయనక్కరలేదు, అరచేతిలో పట్టే 65 వాట్ల ఛార్జరు ఒకటే ఫోనుకూ ల్యాప్‌టాప్‌కూ పనికొస్తుంది. పవర్ బ్యాంకు కూడా వాడుకోవచ్చు. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకులో 74 వాట్-అవర్లు ఉంటాయి. దారిలో పోయేది పోగా ల్యాప్‌టాప్‌ను ఒకసారి పూర్తిగా నింపుతుంది. అయితే దాని మీద పీడీ (యూఎస్‌బీ-సీ ద్వారా ఎక్కువ విద్యుత్తు ఇచ్చే పద్ధతి) అనీ, 45 వాట్లు లేదా అంతకు మించి అనీ ఉండాలి. ఫోన్ల కోసం చేసిన 18 వాట్లవి చాలా ల్యాప్‌టాప్‌లను కదిలించలేవు.

మాది సముద్రపు గాలి తగిలే చోటు. రాత్రంతా కిటికీ పక్కన తెరిచి ఉంచకండి, ఉప్పు తేమకు పోర్టులు త్వరగా చిలుము పడతాయి. పిడుగులు పడే వేళ ఛార్జరు తీసేయండి.

రాజాం లెక్కల గుమస్తా

మేడమ్ గారికి సరిపోవచ్చు గాని, ఈ చర్చ చదివి నాలాంటివారు తొందరపడకూడదని రాస్తున్నాను. రోజంతా ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో అంకెలు ఎక్కించేవారికి కుడివైపు అంకెల మీటలు లేని కీబోర్డు పెద్ద అవరోధం. 13, 14 అంగుళాల వాటిలో అవి దాదాపు ఉండవు. మీరు మార్కులు వేయడమంటే సెమిస్టరుకు కొద్ది రోజుల పని కనుక యూఎస్‌బీకి తగిలించే విడి అంకెల మీటల పలక ఒకటి కాలేజీలో ఉంచుకుంటే చాలు. క్రోమ్‌బుక్ (విండోస్ బదులు గూగుల్ క్రోమ్ ఓఎస్‌తో నడిచే ల్యాప్‌టాప్) చవకగా వస్తోందని ఎవరైనా చెబితే అది ట్యాలీకీ పనికిరాదు, అచ్చుపనివారు అడిగే అను ఫాంట్ల సాఫ్ట్‌వేర్‌కూ పనికిరాదు. రెండూ విండోస్ మీద నడిచేవే.

టెక్కలి అధ్యాపకురాలు

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. 11.6 అంగుళాలదాన్ని విరమించుకున్నాను. నేను ఇన్‌స్క్రిప్ట్‌లోనే టైపు చేస్తాను, ట, డ మీటల సంగతి ఎవరూ చెప్పి ఉండకపోతే నాకు తట్టేది కాదు. వాడిన 13.3 అంగుళాల ఎలైట్‌బుక్‌కూ, కొత్త ఎన్100 యంత్రానికీ మధ్య ఆలోచిస్తున్నాను. ఒక్క సందేహం మిగిలింది. మా తరగతి ప్రొజెక్టరుకు నీలిరంగు వీజీఏ కేబుల్ మాత్రమే ఉంది. చిన్నవాటిలో ఆ పోర్టు కనిపించడం లేదు. యూఎస్‌బీ-సీ నుంచి ఇవ్వవచ్చా?

గంటస్తంభం మరమ్మతులు, విజయనగరం

అమ్మా, యూఎస్‌బీ-సీ పోర్టు ఉన్నంత మాత్రాన బొమ్మ రాదు. దానికి డిస్‌ప్లేపోర్ట్ సదుపాయం ఉండాలి. కొన్ని యంత్రాల్లో పోర్టు పక్కన చిన్న డీ ఆకారపు గుర్తు గాని, థండర్‌బోల్ట్ మెరుపు గుర్తు గాని ఉంటుంది. చవకవాటిలో చాలాసార్లు ఆ పోర్టు ఛార్జింగుకు, ఫైళ్లకు మాత్రమే. 830 జీ5లో మామూలు హెచ్‌డీఎంఐ పోర్టు ఉంది కాబట్టి హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చే చిన్న అడాప్టరు కొంటే సరిపోతుంది. ఎన్100 యంత్రాల్లో కొన్నింటికి మినీ హెచ్‌డీఎంఐ ఉంటుంది, దానికి తగిన కేబుల్ వేరు. అడాప్టరు లోపల సిగ్నల్‌ను మార్చే చిప్ ఉన్నదే తీసుకోండి. ఊరికే రెండు కొసలు కలిపిన కేబుళ్లు పనిచేయవు. దుకాణంవారు ఒప్పుకుంటే ల్యాప్‌టాప్‌ను, అడాప్టరును కాలేజీకి తీసుకెళ్లి ఆ ప్రొజెక్టరుకే కలిపి చూసి, అప్పుడు డబ్బు ఇవ్వండి.