'...అండ్ జస్టిస్ ఫర్ ఆల్': వినపడని బేస్‌ను లోపాల లెక్కలో వేయాలా?

ప్రశ్న:
అమెరికన్ హెవీ మెటల్ బృందం మెటాలికా 1988లో విడుదల చేసిన ఈ ఆల్బమ్‌ను కొన్ని రోజులుగా మళ్ళీ వింటున్నాను. రిఫ్‌ల (మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న గిటార్ వరుసల) అల్లికలో ఇంత పట్టుదల ఆ బృందం మరెక్కడా చూపలేదని నా అభిప్రాయం. అయితే గంట దాటి సాగే ఆ తొమ్మిది పాటలలో జేసన్ న్యూస్టెడ్ వాయించిన, మంద్ర స్వరాలు పలికే బేస్ గిటార్ దాదాపు వినపడకపోవడంతో, ఎండుకట్టెలు విరుస్తున్న చప్పుడు మాత్రమే చెవిలో మిగులుతోంది. దీన్ని మిక్సింగ్ (వాయిద్యాల శబ్దాల హెచ్చుతగ్గులు సరిచూసి కలపడం) లోపంగా పక్కన పెట్టి పాటలను వేరుగా బేరీజు వేయవచ్చునా?

జవాబు 1:
వేయలేమండి. బేస్‌ను తగ్గించమని డ్రమ్మర్ లార్స్ ఉల్రిచ్ కోరారని మిక్సింగ్ చేసిన స్టీవ్ థాంప్సన్ తరువాత ఇంటర్వ్యూలలో చెప్పారు. కనుక ఇది పొరపాటున జరిగినది కాదు. పైగా న్యూస్టెడ్ చాలాచోట్ల గాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ రిథమ్ గిటార్ వెంటే నడిచినందువల్ల, ఉన్న కాస్త బేస్ కూడా గిటార్ల కిందే అణగిపోయింది. అయినా భూమి కాలి బూడిదవడాన్ని చెప్పే 'బ్లాకెన్డ్'కు ఆ పొడితనం అతికినట్టు సరిపోయింది. ఆ పాట రచనలో న్యూస్టెడ్‌కు భాగం ఉండటం, ఆయన బేసే అందులో వినపడకపోవడం మాత్రం నాకు మింగుడు పడదు.

జవాబు 2:
నన్ను బేస్ కన్నా నిడివే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. దాదాపు పది నిమిషాల టైటిల్ పాటలో ఒకే రిఫ్ తిరిగి తిరిగి వస్తుంది, వచ్చిన ప్రతిసారీ కొత్తగా తెచ్చేదేమీ ఉండదు. 'వన్' కూడా పొడవైనదే, కానీ కాళ్ళూ చేతులూ, చూపూ, మాటా, వినికిడీ కోల్పోయిన సైనికుడి వేదనను నెమ్మదైన గిటార్‌తో మొదలుపెట్టి, మెషిన్ గన్‌ను తలపించే డబుల్ బేస్ డ్రమ్స్ (రెండు పాదాలతో వాయించే పెద్ద డ్రమ్ముల) దాకా తీసుకుపోయే క్రమంలో ఒక్క భాగాన్నీ తీసివేయలేము.

జవాబు 3:
'టు లివ్ ఈజ్ టు డై' ప్రస్తావన రాలేదు. 1986లో స్వీడన్‌లో బస్సు ప్రమాదంలో మరణించిన, న్యూస్టెడ్‌కు ముందు బృందంలో బేస్ వాయించిన క్లిఫ్ బర్టన్ మిగిల్చి వెళ్ళిన ఆలోచనలతో కూర్చిన ఆ పాటలో నిడివి నాకు బరువనిపించలేదు. ఇక మొదటి ప్రశ్నకు వస్తే, 1993లో విడుదలైన 1989 నాటి సియాటిల్ కచేరీ రికార్డింగ్ వినండి. అక్కడ ఈ పాటల్లో కొన్నింటికి న్యూస్టెడ్ బేస్ అడుగున నిలబడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
విన్నానండి. 'బ్లాకెన్డ్' అక్కడ మరింత బరువుగా ఉంది, టైటిల్ పాట మాత్రం బేస్ వినపడుతున్నా నాకు పొడవుగానే అనిపించింది.