మధ్యలో ఆపిన డిగ్రీ: క్రెడిట్లు కొత్త కాలేజీకి ఎలా తీసుకెళ్లాలి?

అడ్మిషన్లు, పరీక్షల విభాగాల్లో పనిచేసేవాళ్లు దయచేసి చెప్పండి. జాతీయ విద్యా విధానం 2020 ఆధారంగా యూజీసీ తెచ్చిన నాలుగేళ్ల డిగ్రీ చట్రంలో, మొదటి ఏడాది 40 క్రెడిట్లకు (పాసైన కోర్సులకు లెక్కకట్టే పాయింట్లు) తోడు వేసవిలో 4 క్రెడిట్ల వృత్తి కోర్సు పూర్తిచేస్తే సర్టిఫికెట్‌తో బయటికి రావచ్చు. మూడేళ్లలోపు తిరిగి చేరాలి, మొత్తం ఏడేళ్లలో ముగించాలి.

చిక్కంతా అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌తోనే, అంటే విద్యార్థి క్రెడిట్లు జమయ్యే ఆన్‌లైన్ ఖాతాతోనే. క్రెడిట్లు ఎక్కించేది విద్యార్థి కాదు, చదివిన సంస్థ. ఆధార్‌లో పేరూ కాలేజీ రికార్డులో పేరూ కలవకపోతే (ఇంటిపేరు ముందు రాసే మనకిది మామూలే) ఖాతా ఖాళీగా ఉండిపోవచ్చు. ముందు ఏది సరిచేయించాలి, ఆధారా, రికార్డా?

క్రెడిట్లు కనిపించినా సిలబస్ వేరైతే ఏ పేపర్లు చెల్లుతాయో కొత్త యూనివర్సిటీలో ఎవరు తేలుస్తారు? రెండో ఏడాదిలో సీటు ఖాళీ లేదంటే ఏం చేయాలి? ఫీజు కట్టలేక ఆపేసిన పిల్లలకు ఇది చాలా అవసరం, కాస్త వివరంగా రాయండి.