కొరియా డెమోక్రటిక్ పార్టీ చరిత్రను 1955 నుంచి లెక్కేయాలా, 1987 నుంచా?

అందరికీ నమస్కారం. దక్షిణ కొరియా రాజకీయాల మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తూ లిబరల్ ప్రతిపక్షం దగ్గర ఆగిపోయాను, తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి.

1955లో అప్పటి అధ్యక్షుడు సింగ్‌మన్ రీకి వ్యతిరేకంగా డెమోక్రటిక్ పార్టీ పుట్టింది. మరుసటి ఏడాది "ఇక బతకలేం, మార్చేద్దాం" అనే నినాదంతో జనంలోకి వెళ్లింది కానీ ప్రచారం మధ్యలోనే పార్టీ అధ్యక్ష అభ్యర్థి షిన్ ఇక్-హీ చనిపోయారు. 1960లో రీ దిగిపోయాక చాంగ్ మ్యోన్ ప్రధాని అయ్యారు, ఏడాది తిరక్కుండానే సైనిక కుట్ర. ఇక్కడిదాకా అర్థమైంది.

అసలు చిక్కు 1987లో ఉంది. జనం వీధుల్లోకి వచ్చి సాధించుకున్న ప్రత్యక్ష అధ్యక్ష ఎన్నికలో ప్రతిపక్ష నేతలు కిమ్ యంగ్-సామ్, కిమ్ దే-జుంగ్ విడివిడిగా నిలబడ్డారు, ఇద్దరి ఓట్లూ కలిపితే సగం దాటేవి, అయినా 37 శాతం కూడా రాని మాజీ సైనికాధికారి రో తే-వూ గెలిచారు. చదివినప్పుడల్లా బాధేస్తుంది. 1990లో యంగ్-సామ్ తన పార్టీని తీసుకెళ్లి అధికార పార్టీలోనే కలిపేశారు! దే-జుంగ్ బయటే ఉండి 1997లో అధ్యక్షుడిగా గెలిచారు, ఇప్పటి డెమోక్రటిక్ పార్టీ ఎన్నో పేర్లు మార్చుకుంటూ ఆయన వైపు నుంచే వచ్చింది.

ఆ పార్టీవాళ్లు 2015లో 60 ఏళ్ల వేడుక చేసుకున్నారు, అంటే వాళ్ల లెక్క 1955 నుంచే. మరి యంగ్-సామ్‌ది కూడా అదే మూలం కదా, ఆయన వారసత్వం ఎవరి ఖాతాలో వేయాలి? కొరియా చరిత్రకారులు దీన్నెలా చూస్తారు? సియోల్‌లో ఉంటున్న మనవాళ్లు, కొరియన్ చదవగలిగినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి, తప్పు రాయడం నాకిష్టం లేదు.